లేని కత్తి... ఉన్న తగాదా!

2007వ సంవత్సరం. నెదర్లాండ్స్‌లోని లీవార్డెన్ పట్టణం. పదమూడేళ్ల కుర్రాణ్ని అతనికంటే కాస్త పెద్దవాళ్లయిన ఇద్దరు పిల్లలు తమలో ఒకడి ఇంటికి తీసుకెళ్లారు. కొట్టారు, తన్నారు, కత్తి చూపించి బెదిరించారు. ఇంతకీ వాళ్లకు కావలసింది డబ్బు కాదు, సెల్‌ఫోనూ కాదు. ఒక తాయెత్తు, ఒక ముసుగు! అవి ఉన్నది ఆ పిల్లాడి జేబులోనూ కాదు, ఇంట్లోనూ కాదు... రూన్‌స్కేప్ అనే కంప్యూటర్ ఆటలో. అతని చేత బలవంతంగా ఆటలోకి లాగిన్ చేయించారు. అందులో అతని బొమ్మ దగ్గరున్న ఆ రెండు వస్తువులూ నేలమీద పడ్డాయి. ఈ ఇద్దరిలో ఒకడి బొమ్మ వచ్చి వాటిని ఏరుకుంది. అంతే!

తన్నినందుకు శిక్ష వేయడం ఏ దేశంలోనైనా సులువే. కానీ వాళ్లమీద పెట్టింది దొంగతనం కేసు. చిక్కంతా అక్కడే వచ్చింది. దొంగతనం అంటే వస్తువు పోవాలి కదా? మరి పోయిన వస్తువేదీ? ఆ తాయెత్తును మెడలో వేసుకోలేరు, ఆ ముసుగును మొహానికి తగిలించుకోలేరు. ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్లో ఉన్న అంకెలు అవి. పైగా ఆట నియమాల ప్రకారం అవి ఆ పిల్లాడివి కూడా కావు, కంపెనీవి. నిందితుడి లాయరు పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటునే. కేసు ఒక్కో మెట్టూ ఎక్కి ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012 జనవరి 31న తీర్పు వచ్చింది. అది దొంగతనమేనంది కోర్టు. ఆ వస్తువులు సంపాదించడానికి పిల్లాడు ఎంతో సమయం, శ్రమ పెట్టాడు, కాబట్టి అతనికి వాటి విలువ నిజం. అవి అతని ఒక్కడి చేతిలో ఉండేవి, ఇప్పుడు లేవు, కాబట్టి పోవడమూ నిజం. కంపెనీ నియమాలు ఏం రాసుకున్నా ఈ రెండూ మారవంది.

ఈ కేసును న్యాయవిద్యార్థుల ముందు పెట్టి 'మీరే జడ్జి అయితే?' అని అడిగి చూడండి. క్లాసు రెండుగా చీలిపోతుంది. ఒకరు ఆస్తి అంటారు. ఒకరు ఆట అంటారు. నిద్రపోతున్న వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది. విదేశాల్లోని న్యాయకళాశాలలు కొన్ని ఇరవయ్యేళ్లకు పైగా మాయాలోకాల తగాదాలను పాఠంగా చెబుతున్నది ఇందుకే. కంప్యూటర్ తెరమీద కట్టిన ఊళ్లు, అందులో తిరిగే మనుషుల బొమ్మలు, అక్కడి ఇళ్లు, నగలు, కత్తులు, నాణేలు... వీటికి చట్టమేమిటి అన్నదే ఆ పాఠం. వినడానికి సరదాగా ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం మొదటి ఏడాది పుస్తకాల పునాదులన్నీ కదులుతాయి.

పళ్ల డాక్టరు సూది

అసలు ఆ డచ్చి కోర్టుకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? వందేళ్ల కిందటి ఓ పళ్ల డాక్టరు దగ్గర్నుంచి!

హేగ్ నగరంలో ఉండేవాడాయన. కరెంటు మీటరులోకి సూది గుచ్చి, చక్రం తిరగకుండా ఆపి, హాయిగా దీపాలు వెలిగించుకున్నాడు. పట్టుబడ్డాక వాదన మొదలైంది. కరెంటు వస్తువా? చేత్తో పట్టుకోగలమా? పట్టుకోలేనిదాన్ని ఎత్తుకుపోవడం ఏమిటి? 1921 మే 23న డచ్చి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు న్యాయశాస్త్రంలో స్థిరపడిపోయింది. కరెంటుకు విలువ ఉంది, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి చేరుతుంది, కాబట్టి దొంగిలించవచ్చు అని. తొంభై ఏళ్ల తర్వాత తాయెత్తు కేసు ఆ దారిలోనే నడిచింది.

ఇక్కడ మన విద్యార్థి చెయ్యెత్తి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇదే మన దగ్గరైతే? కరెంటు తీగలకు కొక్కేలు తగిలించడం తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన విద్య కాదు. దాన్ని 'కరెంటు దొంగతనం' అనే అంటాం. కానీ మన సుప్రీంకోర్టు అలా అనలేదు! అవతార్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో వచ్చిన తీర్పు ఏమందంటే... భారత శిక్షాస్మృతి ప్రకారం దొంగతనం చరాస్తికే జరుగుతుంది, కరెంటు ఆ నిర్వచనంలోకి రాదు. దాన్ని దొంగతనంగా భావించాలని విద్యుత్ చట్టం విడిగా చెప్పింది కాబట్టే అది నేరమైంది. అలాంటప్పుడు ఆ చట్టం చెప్పినవాళ్లే ఫిర్యాదు చేయాలి. ఆ కేసులో అలా జరగలేదు కాబట్టి నిందితుడి శిక్ష రద్దయింది. పళ్ల డాక్టరు మన దేశంలో పుట్టి ఉంటే ఎంత బాగుండేదో!

ఇంత తేడా ఒక్క మాట వల్ల వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 22వ సెక్షన్‌లో చరాస్తి అంటే 'భౌతికరూపం ఉన్న' ఆస్తి అని రాశారు. చేతికి తగలాలి, కంటికి కనపడాలి. ఆటలోని కత్తి చేతికి తగలదు. కాబట్టి పోయినా దొంగతనం కాదు. నూట అరవై ఏళ్లపాటు అదే మాట. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో చరాస్తి నిర్వచనం చదివితే... 'భౌతికరూపం ఉన్న' అన్న ముక్క మాయం! భూమి, భూమికి అతుక్కున్నవి తప్ప 'అన్ని రకాల ఆస్తీ' అని మాత్రమే ఉంది. శిక్షాస్మృతి మారిందని టీవీల్లో బోలెడు చర్చలు జరిగాయి. ఈ ఒక్క మాట మీద మాత్రం ఎవరూ గొంతు చించుకున్నట్టు లేదు. షామీర్‌పేటలోని నల్సార్‌లో చదివినా, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో చదివినా ఇప్పటి విద్యార్థి నేర్చుకునే దొంగతనం వాళ్ల సీనియర్లు నేర్చుకున్న దొంగతనం కాదు.

అంతమాత్రాన అయిపోలేదు. ఆస్తిని ఒకరి 'స్వాధీనం' నుంచి తీసుకుపోవాలని, అందుకు దాన్ని 'కదిలించాలని' కొత్త సంహిత కూడా పాత భాషలోనే చెబుతోంది. ఆటలో కత్తి ఎవరి స్వాధీనంలో ఉన్నట్టు? పాస్‌వర్డ్ ఉన్న ఆటగాడిదా, సర్వర్ ఉన్న కంపెనీదా? ఒక బొమ్మ పేరిట ఉన్న అంకెను ఇంకో బొమ్మ పేరిట మారిస్తే 'కదిలించినట్టా'? కాస్త తెలివైన విద్యార్థి ఇంకో దారి కూడా చూపిస్తాడు... బెదిరించి తీసుకుంటే దొంగతనం దాకా ఎందుకు, దౌర్జన్యపు వసూలు సెక్షన్‌లో 'ఏ ఆస్తయినా' అని ఉందిగా అని. మరి ఎవరో పాస్‌వర్డ్ కొట్టేసి లోపలికి దూరితే? అప్పుడు సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు. అయితే ఆ సెక్షన్ శిక్షించేది పాస్‌వర్డ్ వాడుకున్నందుకు. పోయిన కత్తి సంగతి అది పట్టించుకోదు. బాధితుడు అడిగేదేమో కత్తి!

గుర్రాలకు చట్టం ఉందా?

ఇలాంటి వాటిని విడిగా ఒక సబ్జెక్టుగా చెప్పాలా అన్న పేచీ పాతదే. 1996లో షికాగో విశ్వవిద్యాలయంలో ఇంటర్నెట్ చట్టాలమీద సదస్సు పెట్టారు. ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్‌ను పిలిచారు. ఆయన వచ్చి, అసలు ఈ సబ్జెక్టే దండగన్నాడు! గుర్రాల అమ్మకాల మీద కేసులుంటాయి, గుర్రం తన్నిందని కేసులుంటాయి, పందేల మీద, పశువైద్యుల మీద కేసులుంటాయి. అవన్నీ కలిపి 'గుర్రాల చట్టం' అని పాఠం చెబితే విద్యార్థికి ఏం ఒరుగుతుంది? ఒప్పందాల చట్టం, ఆస్తి చట్టం సరిగా చెప్పండి, గుర్రం సంగతి వాడే చూసుకుంటాడు. ఇదీ ఆయన వాదం. మూడేళ్లకు లారెన్స్ లెసిగ్ అనే ప్రొఫెసర్ జవాబు రాశాడు. ఈ లోకంలో ప్రోగ్రాము రాసినవాడే చట్టం రాసినవాడు, గోడ ఎక్కడ ఉండాలో తలుపు ఎవరికి తెరుచుకోవాలో కోడ్ నిర్ణయిస్తుంది, ఆ సంగతి విడిగా నేర్పితేనే తెలుస్తుంది అన్నాడు.

ఇద్దరిలో ఎవరు గెలిచారంటే చెప్పడం కష్టం. పాఠం పేరు విషయంలో లెసిగ్ గెలిచాడు, ఇప్పుడు సైబర్ లా లేని న్యాయకళాశాల అరుదు. కానీ ఆ క్లాసులో నిజంగా జరిగేది ఈస్టర్‌బ్రూక్ కోరుకున్నదే. మాయాలోకం కేసు ఏది పట్టుకున్నా చివరికి విద్యార్థి తిరగేసేది ఒప్పందాల చట్టాన్నీ, ఆస్తి చట్టాన్నే. కాకపోతే మామూలుగా తిరగేయమంటే తిరగేయడు, కత్తి పోయిందంటే తిరగేస్తాడు!

2006లో హార్వర్డ్ లా స్కూలు ఇంకో అడుగు వేసింది. ప్రొఫెసర్ చార్లెస్ నెస్సన్, ఆయన కుమార్తె రెబెకా నెస్సన్ కలిసి 'సైబర్‌వన్' అనే కోర్సు పెట్టారు. ప్రజాభిప్రాయం అనే న్యాయస్థానంలో వాదించడం ఎలా అన్నది దాని విషయం. లా విద్యార్థులు మామూలుగా తరగతి గదిలో కూర్చున్నారు. ఎక్స్‌టెన్షన్ స్కూలులో ఫీజు కట్టి చేరినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో 'సెకండ్ లైఫ్' అనే మాయాలోకంలో కలుసుకున్నారు. అక్కడ బర్క్‌మన్ ఐలండ్ అని ఓ దీవి. ఆ దీవిమీద లా స్కూలులోని ఆస్టిన్ హాలు భవనం నకలు. ఫీజు కట్టనివాళ్లకూ పాఠాలు నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఈ లోకాల్లో మనిషి వేసుకునే రూపాన్ని 'అవతార్' అంటారు. మన మాటే! దేవుళ్లకు పదే అనుకున్నాం, హార్వర్డ్‌లో ప్రొఫెసరుకూ ఒకటి వచ్చింది.

ఆ రోజుల్లో ఇది పెద్ద వార్త. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ భవనమంతా కొంచెం సోకే అనిపిస్తుంది. కరోనా కాలంలో దేశంలో చాలామంది పిల్లలు మాయాలోకంలోనే పాఠం విన్నారు, అదేమంత సరదాగా లేదని వాళ్లే చెబుతారు. అయితే ఆ దీవి ఒక సంగతి మాత్రం నేర్పింది. దాని మీద నిలబడ్డ విద్యార్థికి కాళ్లకింద ఉన్న నేల ఎవరిది అన్న అనుమానం వచ్చి తీరాలి. అదే సంవత్సరం అదే లోకంలో ఒకాయనకు వచ్చింది.

నేల అమ్మిన కంపెనీ

పెన్సిల్వేనియా లాయరు మార్క్ బ్రాగ్. సెకండ్ లైఫ్‌లో భూములు కొని అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. సెకండ్ లైఫ్‌ను నడిపే లిండెన్ రిసెర్చ్ కంపెనీ అప్పట్లో ఊరూరా చెప్పుకొన్న గొప్పేమిటంటే, మా లోకంలో మీరు కొన్న నేల మీదే, మీరు చేసిన వస్తువు మీదే అని. మిగతా ఆటలన్నీ అంతా మాదే అంటుంటే ఈ మాట జనాన్ని బాగా లాగింది. హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు కొన్నట్టే కొన్నారు. 2006 ఏప్రిల్‌లో బ్రాగ్ 'టయసాట్' అనే స్థలాన్ని 300 డాలర్లకు వేలంలో దక్కించుకున్నాడు. వేలానికి ఇంకా బయటపెట్టని పేజీలోకి అడ్డదారిన దూరి కొన్నావని కంపెనీ ఆరోపించింది. ఆ ఒక్క స్థలమే వెనక్కి తీసుకుని ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు. అతని ఖాతా మొత్తం మూసేసింది. అంతకుముందు కొన్న నేలలు, దాచుకున్న లిండెన్ డాలర్లు అన్నీ పోయాయి.

లాయరు కదా, ఊరుకుంటాడా? కేసు వేశాడు. 'మీరు ఒప్పుకున్న షరతులు చూసుకోండి' అంది కంపెనీ. సెకండ్ లైఫ్‌లోకి వెళ్లేముందు ఒక పొడవాటి షరతుల కాగితం తెరమీద వస్తుంది. కింద 'అంగీకరిస్తున్నాను' అనే మీట. నొక్కితే లోపలికి, నొక్కకపోతే బయటికి. ఆ కాగితంలో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. ఏ కారణంతోనైనా, అసలు కారణమే లేకుండానైనా, ఖాతా మూసేసే హక్కు కంపెనీది. తగాదా వస్తే కోర్టుకు రాకూడదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యవర్తుల ముందు, ఖర్చులు పంచుకుని తేల్చుకోవాలి. వందల డాలర్ల గొడవకు వేల డాలర్ల పంచాయతీ అన్నమాట!

2007 మే 30న ఫెడరల్ జడ్జి ఎడ్వార్డో రొబ్రెనో ఇచ్చిన నిర్ణయం న్యాయవిద్యార్థులు తప్పక చదవాల్సింది. ఆస్తి మాయదైనా తగాదా నిజమైనదేనని ఆయన మొదట్లోనే తేల్చేశాడు. తర్వాత ఆ మధ్యవర్తిత్వం షరతును పక్కన పడేశాడు. బలవంతుడు రాసి, బలహీనుడికి 'ఒప్పుకో లేదా పో' అని ఇచ్చిన కాగితం అది. ఒకవైపు చేతులు కట్టేసి, ఇంకోవైపు ఏం చేసినా చెల్లేలా ఉంది. ఇలాంటిది అన్యాయమైన షరతు కాబట్టి అమలు చేయనన్నాడు. కంపెనీ అధిపతి ఫిలిప్ రోజ్‌డేల్ తానే ప్రచారం చేశాడు కాబట్టి ఈ కోర్టుకు జవాబు చెప్పాల్సిందేనన్నాడు.

ఆ నేల బ్రాగ్‌దేనా? అది మాత్రం కోర్టు చెప్పలేదు! చెప్పే అవసరం రాకుండానే ఆ ఏడాది అక్టోబరులో ఇద్దరూ రాజీపడ్డారు. షరతులు గోప్యం. బ్రాగ్ ఖాతా మళ్లీ తెరుచుకుంది. కంపెనీ మధ్యవర్తిత్వం షరతును మెత్తగా తిరగరాసింది. 2010 నాటికి భూమి మాటను కూడా మార్చేసింది. 'మీదే' అన్న నేల కాస్తా 'వాడుకోవడానికి ఇచ్చిన లైసెన్సు' అయింది. కోర్టులో ఓడిన కంపెనీ కాగితంలో గెలవడం అంటే ఇదే. జడ్జి తీర్పును నూరుసార్లు చదివే విద్యార్థులు ఈ కాగితాలను ఒక్కసారీ చదవరు. ఈ పాఠం చెప్పేవాళ్లు విద్యార్థుల చేత మొదట చేయించాల్సిన పని, వాళ్లు రోజూ ఆడే ఆట షరతులను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివించడం. ఒక గంటలో సగం క్లాసు నిద్రపోతుంది, మిగతా సగానికి కోపం వస్తుంది. ఆ కోపమే పాఠం.

మనకు ఇందులో పనిముట్లు లేకపోలేదు. మీట నొక్కి చేసుకున్న ఒప్పందాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న సాకుతో కొట్టిపారేయకూడదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. అది కంపెనీ చేతిలో కత్తి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 'అన్యాయమైన ఒప్పందం' అన్న నిర్వచనం కొత్తగా వచ్చింది. తగిన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దుచేసుకునే హక్కు ఒకరికే ఉంచుకోవడం అందులోకి వస్తుంది. దానిమీద రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇది ఆటగాడి చేతిలో డాలు. రెంటినీ ఎదురెదురుగా నిలబెడితే ఓ మూట్‌కోర్టు పోటీకి సరిపడా సరుకు.

పోలీసులు నవ్వి పంపేస్తే

చైనాలో రెండు కథలు. 2003లో బీజింగ్ కోర్టు ముందుకు ఓ యువకుడు వచ్చాడు. 'రెడ్ మూన్' అనే ఆటలో రెండేళ్లు గడిపి, పదివేల యువాన్లు ఖర్చుపెట్టి ఆయుధాలు కూడబెట్టాడు. ఎవరో కొట్టేశారు. కంపెనీని అడిగితే ఎవరు తీశారో చెప్పమంది, పోలీసులూ ఏమీ చేయలేకపోయారు. కోర్టు మాత్రం భద్రతలో లోపం కంపెనీదేనని, అతని వస్తువులు అతనికి తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఈ తరహా కేసుల్లో ప్రపంచంలో తొలినాటి తీర్పుల్లో ఒకటి అది.

రెండోది షాంఘై. 'లెజెండ్ ఆఫ్ మిర్ 3' ఆటలో నలభై ఏళ్లు దాటిన ఒకాయన తనకు దక్కిన 'డ్రాగన్ ఖడ్గా'న్ని స్నేహితుడికి అరువిచ్చాడు. స్నేహితుడు దాన్ని 7,200 యువాన్లకు అమ్ముకున్నాడు. ఇతను పోలీసుల దగ్గరికి వెళ్లాడు. లేని కత్తికి కేసేమిటని వాళ్లు వెనక్కి పంపారు. స్నేహితుడు డబ్బిస్తానన్నాడు, ఇవ్వలేదు. 2005లో ఒకరోజు ఇతను నిజమైన కత్తి పట్టుకుని అతని ఇంటికి వెళ్లాడు. మనిషి చచ్చిపోయాడు. హంతకుడికి మరణశిక్ష విధించి, దాని అమలును నిలిపి ఉంచారు.

ఆ హత్యకు సమర్థన ఏమీ లేదు. కానీ ఈ కథ విన్నాక 'ఆటే కదా' అన్నమాట క్లాసులో మళ్లీ వినపడదు. బీజింగ్ యువకుడికి తలుపు తట్టడానికి ఒక కోర్టు దొరికింది. షాంఘై మనిషికి ఠాణా గడప దగ్గరే తలుపు మూసేశారు.

మయసభలో నవ్వు

ఆస్తి సరే, మనసు సంగతేమిటి? ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

1993లో అమెరికాలో 'లాంబ్డామూ' అని ఓ మాయాలోకం ఉండేది. బొమ్మలు కూడా లేవు, అంతా అక్షరాలే. 'గది మూలన సోఫా ఉంది' అని టైపు చేస్తే సోఫా ఉన్నట్టు. ఒక రాత్రి అందులో 'మిస్టర్ బంగిల్' పేరుతో తిరిగేవాడు ఒక ప్రోగ్రాము సాయంతో ఇతరుల పాత్రల చేత వాళ్ల ప్రమేయం లేకుండా అసహ్యమైన పనులు చేయిస్తున్నట్టు అందరి తెరలమీదా రాయించాడు. ఎవరి ఒంటిమీదా చేయి పడలేదు. అయినా బాధితుల్లో ఒకామె దానిమీద రాస్తూ నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. జూలియన్ డిబెల్ అనే పాత్రికేయుడు ఆ ఏడాది చివర్లో దీన్ని 'విలేజ్ వాయిస్' పత్రికలో రాశాడు. అప్పటి నుంచి ఆ వ్యాసం సైబర్ చట్టం పాఠాల్లో తిరుగుతూనే ఉంది.

మనవాళ్లకు ఇది అర్థం కావడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. మయసభలో దుర్యోధనుడు నేలను నీళ్లనుకున్నాడు, నీళ్లను నేలనుకుని పడ్డాడు. నీళ్లూ నేలా మాయే. వినపడ్డ నవ్వు మాత్రం మాయ కాదు. ఆ నవ్వు కురుక్షేత్రం దాకా నడిచింది.

లాంబ్డామూ వాసులు బంగిల్‌ను ఏం చేయాలో తేల్చుకోవడానికి సమావేశమయ్యారు. వెలివేద్దామన్నారు కొందరు, విచారణ లేకుండా ఎలా అన్నారు కొందరు, ఇది రాతే కదా అన్నారు ఇంకొందరు. గంటల తరబడి తగవులాడుకుని ఏమీ తేల్చకుండా చెదిరిపోయారు. ఆ తర్వాత, నిర్వాహకుల్లో ఒకడు తన మానాన తాను ఒక ఆజ్ఞ టైపు చేసి బంగిల్ పాత్రను చెరిపేశాడు. ఊరంతా కూర్చుని తేల్చలేనిది ఒక మీటతో తేలిపోయింది! అలా ఒక్కడు తేల్చేయడం సరికాదనుకున్న ప్రధాన నిర్వాహకుడు పావెల్ కర్టిస్ ఆ తర్వాత అర్జీలు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టాడు. న్యాయవిద్యార్థి రాజ్యాంగం పుట్టుకను కళ్లారా చూడాలంటే ఇంతకన్నా చిన్న, ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదేమో. అయితే ఆ బంగిల్ ఇంకో పేరుతో మళ్లీ వచ్చాడు. శిక్ష పడింది అవతారానికి, మనిషికి కాదు మరి.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఇప్పుడు అక్షరాల బదులు కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్లు వచ్చాయి. తమ అవతార్‌లను చుట్టుముట్టి వేధించారని మహిళలు ఫిర్యాదు చేశాక 2022 ఫిబ్రవరిలో మెటా కంపెనీ తన మాయాలోకంలో ప్రతి బొమ్మ చుట్టూ కనపడని గీత గీసింది. అప్పట్లో రెండు బొమ్మల మధ్య సుమారు నాలుగడుగుల దూరం, దాటి రాలేకపోయేవారు. లక్ష్మణరేఖే! లెసిగ్ చెప్పినట్టు చట్టసభతో పని లేకుండా నాలుగు లైన్ల కోడ్‌తో అయిపోయింది. మంచి పనే. కానీ నాలుగడుగులని ఎవరు నిర్ణయించారు, రేపు రెండడుగులు చేస్తే ఎవరిని అడగాలి అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మన దేశంలో ఈ లోకాల గురించి అందరికంటే ముందు ఆలోచించింది ఎవరనుకుంటున్నారు? ఆదాయపు పన్ను శాఖ! క్రిప్టో నాణేల వంటి వర్చువల్ డిజిటల్ ఆస్తుల మీద లాభానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను వేశారు. ఆస్తి అవునా కాదా అన్న తత్వచర్చ వాళ్లు పెట్టుకోలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా జంట ఒకటి తమ పెళ్లి విందును మాయాలోకంలో జరుపుకొంది. చనిపోయిన పెళ్లికూతురి తండ్రి అవతార్ రూపంలో వచ్చి ఆశీర్వదించాడు. అతిథులకు కళ్లు చెమర్చి ఉంటాయి. లా విద్యార్థికి మాత్రం వేరే ప్రశ్న రావాలి. పోయినవాళ్ల రూపం ఎవరిది? కూతురిదా, బొమ్మ చేసిన కంపెనీదా? రేపు ఆ బొమ్మ చేత ఇంకెవరైనా ఇంకేదైనా మాట్లాడిస్తే? వ్యక్తి గోప్యత, పరువు అతనితోపాటే పోతాయని, వారసత్వంగా రావని మద్రాసు హైకోర్టు జయలలిత జీవితం మీద తీసిన సినిమా కేసులో 2021లో చెప్పింది. ఆ లెక్కన కూతురు ఏ హక్కుతో అడగాలి?

అన్నిటికంటే పెద్ద ప్రశ్న కంపెనీయే దుకాణం కట్టేస్తే ఏమిటన్నది. 'ద సిమ్స్ ఆన్‌లైన్' 2008లో మూతపడింది. పిల్లల లోకం 'క్లబ్ పెంగ్విన్' 2017లో ఆగిపోయింది. కట్టుకున్న ఇళ్లు, పెంచుకున్న బొమ్మలు, పేర్లు మాత్రమే తెలిసిన స్నేహితులు... సర్వర్ స్విచ్చితో పాటే అన్నీ ఆరిపోయాయి. 2024లో యుబీసాఫ్ట్ కంపెనీ 'ద క్రూ' అనే కార్ల ఆటను ఆపేసినప్పుడు డబ్బు పోసి కొన్నవాళ్లు గొడవకు దిగారు. అదే ఏడాది కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమలు. ఆటో, సినిమావో, పుస్తకమో నెట్‌లో అమ్మేటప్పుడు, కొన్నవాడికి దక్కేది లైసెన్సు మాత్రమే అయితే, 'కొనండి' అని ఊరికే రాయకూడదు. మీకు దక్కేది సొంతం కాదు, లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలి. ఆటలు మూయొద్దని ఆ చట్టం అనలేదు. డబ్బు తిరిగివ్వమనీ అనలేదు. అడుగున ఉండే చిన్న అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి, అంతే.